మలక్‌పేట రేసులకి నేను కొనే పుస్తకం

మలక్‌పేట రేస్‌కోర్సుకి వెళ్లేటప్పుడు నేను కొనే గుర్రప్పందేల రేసు పుస్తకం ఒకటుంది. దాన్ని నమ్మేది టిప్స్ కోసం, అంటే ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే అంచనాల కోసం కాదు, పొద్దుటి ప్రాక్టీసు టైమింగుల కోసం. ఏ గుర్రం 800 మీటర్లు ఎన్ని సెకన్లలో లాగింది, జాకీ, అంటే స్వారీ చేసేవాడు, తొయ్యకుండానే వచ్చిందా, పక్కన ఏది పరిగెత్తింది, అన్నీ రాస్తారు. పోయినసారి మోసిన బరువు, ఈసారి బరువు పక్కపక్కనే ఉంటాయి. హ్యాండిక్యాప్ రేసులో, అంటే అవకాశాలు సమం కావాలని మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసులో, 60 కిలోలు మోసే గుర్రాన్నీ 51 కిలోలతో దిగేదాన్నీ పోల్చాలంటే ఇదే కావాలి. 2000 మీటర్ల డెక్కన్ డర్బీ లాంటి రేసుకైతే తల్లిదండ్రుల వంశం కూడా చూస్తాను, అంత దూరం దమ్ము నిలుపుకుని పరిగెత్తే రక్తమా కాదా అని. ఆ వివరమూ ఇస్తారు.

నాకు కోపం తెప్పించేది ఒక్కటే. ఎనిమిది గుర్రాల రేసుకి నాలుగు పేర్లు వేసి టిప్ అంటారు. అది టిప్ ఎలా అవుతుంది? ఒక్క పేరు చెప్పి, ఎందుకో రెండు వాక్యాలు రాయండి. అచ్చు కూడా మరీ చిన్నది, పెద్దవాళ్లకి కష్టం.

అయినా కొనండి. ముందురోజు సాయంత్రమే దొరికితే ఇంకా మంచిది, రాత్రి తీరిగ్గా చదువుకోవచ్చు.