స్టెరిలియం హ్యాండ్ రబ్: ఒక స్టాఫ్ నర్సు అనుభవం

మెడికల్ వార్డులో పదకొండేళ్లుగా పనిచేస్తున్న నేను, ఏ హ్యాండ్ రబ్ (నీళ్లు లేకుండా చేతులకు రుద్దుకునే క్రిమినాశక ద్రవం) చేతికొచ్చినా అది క్రిములను చంపుతుందా అన్న దానితో పాటు, డ్యూటీ దిగే వేళకు నా వేళ్లను ఏ స్థితిలో ఉంచుతుందో కూడా చూస్తాను. నీరసించిన రోగికి సెలైన్ పెట్టేటప్పుడు నరాన్ని పట్టుకునేది కళ్లు కాదు, వేలి కొస.

ఇంతకుముందు నేను పనిచేసిన ఆసుపత్రిలో కొన్నాళ్లు చవకరకం ద్రవం వాడించారు. పది రోజుల్లోనే కణుపుల దగ్గర చర్మం పగిలి, చూపుడువేలి కొస గరుకెక్కి పొట్టు లేచింది. ఆ వారమే, వాంతులు విరేచనాలతో వచ్చిన ఒక పెద్దావిడకు రాత్రి డ్యూటీలో నీలిరంగు 22 గేజ్ క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం, పెట్టవలసి వచ్చింది. అలాంటివారి నరం పైకి కనిపించదు. చేతికి పట్టీ కట్టి, చర్మాన్ని వేలితో మెల్లగా నొక్కి వదిలినప్పుడు లోపలి నుంచి మెత్తగా ఎగదన్నిన చోటే అది ఉన్నట్టు లెక్క. ఆ కదలిక నా వేలికి అందలేదు. రెండుసార్లు గుచ్చి, చివరికి తోటి సిస్టర్‌ను పిలిచాను. "పర్లేదులే సిస్టరమ్మా" అని ఆవిడే నన్ను ఓదార్చింది గాని, ఆ ముంజేతి మీద కమిలిన రెండు మచ్చలను నేను మరచిపోలేదు.

ఇప్పుడు మా వార్డులో వాడుతున్నది స్టెరిలియం. 1965లో జర్మనీలో మొదలైన ఈ నీలి ద్రవంలో ప్రొపనాల్ అనే ఆల్కహాల్ రెండు రకాలతో పాటు 0.2 శాతం మెసెట్రోనియం ఇథైల్‌సల్ఫేట్ అనే క్రిమినాశకం, చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ ఉంటాయి. మన నర్సులకు ఇది ఎంత అలవాటంటే, ఏ కంపెనీ హ్యాండ్ రబ్‌నైనా స్టెరిలియం అనే అంటారు. సుమారు 3 మిల్లీలీటర్లు తీసుకుని, చాలామంది వదిలేసే బొటనవేళ్లతో సహా చేతులంతా 30 సెకన్లు తడిగా ఉండేలా రుద్దాలి. ఆరాక జిగట ఉండదు, గ్లోవ్స్ సులువుగా ఎక్కుతాయి. మంచానికీ మంచానికీ మధ్య రాసుకుంటూ షిఫ్టంతా గడిచినా నా వేలి కొసలు మెత్తగానే ఉంటున్నాయి. నరం మళ్లీ వేలికి తెలుస్తోంది. నాకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం అక్కర్లేదు.

అయితే ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవమైనా పగిలిన చర్మం మీద మండుతుంది. చేతికి రక్తమో మలమో అంటినప్పుడు, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే పేగు క్రిమి వల్ల విరేచనాలవుతున్న రోగిని చూసినప్పుడు సబ్బూ నీళ్లూ తప్పవు, ఎందుకంటే ఆ క్రిమి బీజాలను ఆల్కహాల్ చంపలేదు. సబ్బుతో కడిగిన వెంటనే, తడి ఆరకుండా దీన్ని రాస్తే చర్మం దెబ్బతింటుంది. ఇంట్లో రోగిని చూసుకునేవారు కొనుక్కుంటే 100 మిల్లీలీటర్ల సీసా చాలు. నిప్పంటుకునే ద్రవం కనుక దాన్ని పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకండి.