మౌంట్ అబూలో ఆకుపచ్చ మునియా చూపించే బర్డింగ్ గైడ్ - నా రివ్యూ

పిట్టలంటే ఇష్టం ఉండి మౌంట్ అబూ వెళ్లేవాళ్లు దిల్వారా గుళ్లు చూశాక ఒక పొద్దున్న లోకల్ బర్డింగ్ గైడ్‌ని పెట్టుకోండి, పక్కా పైసా వసూల్. మేం తీసుకున్నది హాఫ్ డే, జీపు ఖర్చు వేరే, అది ముందే అడిగి తేల్చుకోవాలి లేకపోతే చివర్లో బేరాలు అవుతాయి.

మునియాలంటే గింజలు తినే బుల్లి పిట్టలు. వాటిలో ఎర్ర మునియా అయితే మన దగ్గరా చెరువుల పక్కన పొడుగు గడ్డి ఉన్నచోట గుంపులుగా తిరుగుతుంది కదా, వానాకాలంలో మగది ఎర్రగా మారిపోయి ఒంటి మీద తెల్ల చుక్కలతో గడ్డి కొసన కూర్చుని సన్నగా పాడుతుంటుంది. ఆకుపచ్చది దానికి దగ్గరి చుట్టమే, ఇదీ ఓ 10 సెంటీమీటర్లే. మౌంట్ అబూలోని గురుశిఖర్ శిఖరం వైపు పొలాల పక్కన లాంటానా పొదల్లో చూపించాడు మా గైడ్. వీపు ఆకుపచ్చ, పొట్ట పసుపు, ముక్కు ఎర్రెర్రగా, పక్కల మీద నలుపు తెలుపు చారలు, గడ్డి కంకి మీద వాలితే కంకి కాస్త వంగింది అంతే, అలా ఊగుతూనే గింజలు తినేసింది, ఎంత ముద్దుగా ఉందో!

కానీ రెండిటి పరిస్థితి ఒకటి కాదు. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లిస్టులో ఎర్రది లీస్ట్ కన్సర్న్, అంటే పెద్దగా ముప్పు లేనిది, మన దేశం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది. ఆకుపచ్చది వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్నది, ప్రపంచం మొత్తంలో ఇండియాలోనే ఉంది, అదీ అక్కడక్కడా కొద్ది కొద్దిగా. పంజరాల కోసం రెండిటినీ పట్టుకెళ్లారు, 1972 వన్యప్రాణి చట్టం ఉన్నా సంతల్లో మునియాలకి రంగులేసి మరీ అమ్మేవాళ్లున్నారు, దయచేసి కొనకండి. ఎర్రది ఒకచోట తగ్గినా చుట్టుపక్కల నుంచి మళ్లీ రావచ్చు, ఆకుపచ్చదానికి అలా చుట్టుపక్కల వేరే గుంపులే లేవు, ఒక గుంపుని వలేసి పట్టేస్తే ఆ ఏరియాలో ఇంక లేనట్టే.

అందుకే ఈ గైడ్ నాకు బాగా నచ్చాడు. ఫోన్‌లో కూత ప్లే చేసి పిట్టల్ని పిలవలేదు, పొదల్లోకి దూరనివ్వలేదు, ఫొటోలు పెట్టుకోండి గానీ లొకేషన్ పెట్టొద్దు సార్ అని రెండు మూడుసార్లు చెప్పాడు. క్లోజప్ కావాలని గొడవపడే ఫొటోగ్రాఫర్లకి ఇది నచ్చకపోవచ్చు, నాకు మాత్రం ఐదుకి ఐదు స్టార్లు. ఆయన ఇచ్చే బైనాక్యులర్స్ మాత్రం పాతవి, లెన్స్ మసక, మీవి మీరు తెచ్చుకోండి, చలికాలమైతే జర్కిన్ కూడా.