బరంపురం స్టేజీ మీద వేరియాక్స్ స్టాండర్డ్ గిటారు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించేవాళ్ళకి ఒకే రాత్రిలో ఒడియా, తెలుగు, హిందీ పాటలు వాయించడం మామూలే. ఒక పాటకి అకూస్టిక్ స్ట్రమ్మింగ్ కావాలి. తర్వాతి పాటకి 12 తీగల గిటారు, ఆ వెంటనే డిస్టార్షన్‌తో లీడ్. గాయకుడు మారితే స్కేల్ అర మెట్టు కిందికి దిగుతుంది. మూడు గిటార్లు మోసుకెళ్ళి పందిట్లో వాటికి చోటు వెతుక్కోవడం కన్నా ఒక్క గిటారులోనే అన్నీ ఉంటే ఎంత హాయి! లైన్ 6 వాళ్ళ వేరియాక్స్ స్టాండర్డ్ అలాంటి గిటారే. మొదటి వేరియాక్స్ 2000ల మొదట్లో వచ్చింది. 2014లో యమహా లైన్ 6ని కొన్నాక, 2015లో ఈ స్టాండర్డ్ వచ్చింది.

చూడటానికి మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (ఒక్క తీగచుట్ట ఉండే అయస్కాంత పికప్‌లు) మామూలు గిటారే. ఆల్డర్ బాడీ, మేపుల్ నెక్, 25.5 అంగుళాల స్కేల్, 22 ఫ్రెట్లు, ట్రెమొలో బ్రిడ్జి. అసలు కథ బ్రిడ్జిలో ఉంది. ఆరు సాడిల్స్‌లో ఒక్కో తీగకి ఒక్కో పీజో (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్) ఉంటుంది. ఆరు తీగల శబ్దం ఆరు దారుల్లో లోపలి డిజిటల్ సర్క్యూట్‌కి చేరుతుంది. అక్కడ ఒక్కో తీగ శబ్దాన్ని విడిగా మలిచి, ఎంచుకున్న మోడల్‌గా, అంటే ఇంకో గిటారు శబ్దంగా మార్చి బయటికి పంపుతుంది. తీగలు విడివిడిగా అందుతాయి కాబట్టే శ్రుతిని కూడా తీగ తీగకీ మార్చగలుగుతుంది.

నాబ్ తిప్పితే టి-మోడల్ (టెలికాస్టర్), స్పాంక్ (స్ట్రాటోకాస్టర్), లెస్టర్ (లెస్ పాల్) లాంటి ఎలక్ట్రిక్ మోడల్స్ వస్తాయి. ఇంకా తిప్పితే అకూస్టిక్ బ్యాంకు, రెసో బ్యాంకు. అకూస్టిక్ బ్యాంకులో 6 తీగలవీ 12 తీగలవీ రెండూ ఉన్నాయి. రెసోలో డోబ్రో, బాంజోలతో పాటు ఎలక్ట్రిక్ సితార్ కూడా ఉంది. పాత పాటల్లోని సితార్ బిట్ వాయించడానికి అది నిజంగా అక్కరకొస్తుంది. 5 మెట్ల స్విచ్ ఒక్కో బ్యాంకులో ఒక్కో గిటారుని పిలుస్తుంది. మోడల్ నాబ్‌ని నొక్కితే దాని లైటు ఆరిపోయి మామూలు పికప్‌లు పనిచేస్తాయి. మళ్ళీ నొక్కితే మోడల్ వస్తుంది.

మన స్టేజీలకి దీనివల్ల అన్నిటికన్నా పెద్ద లాభం హమ్ (కరెంటు లైన్ల నుంచి వచ్చే రొద) లేకపోవడం. జనరేటర్, డిమ్మర్, ఎల్‌ఈడీ లైట్లు అన్నీ ఒకే లైను మీద నడిచే పందిట్లో సింగిల్ కాయిల్ గిటారు జుయ్యిమంటూ ఉంటుంది. మోడల్స్‌కి శబ్దం పీజో నుంచి వస్తుంది కాబట్టి ఆ గోల రాదు. ఠాకురాణి జాతరలో రాత్రంతా వాయించే చోట ఈ ఒక్క గుణం కోసమైనా దీన్ని చూడొచ్చు.

శ్రుతి నాబ్ రెండో లాభం. డ్రాప్ డి (ఆరో తీగ ఇ నుంచి డికి), అర మెట్టు కిందికి, డాడ్‌గాడ్, ఓపెన్ ట్యూనింగ్స్ (ఫ్రెట్ నొక్కకుండా మీటితేనే కార్డు పలికే శ్రుతులు), బారిటోన్ (గిటారు మొత్తం బాగా కిందికి) అన్నీ ఒక తిప్పుడులో వస్తాయి. అసలు తీగల బిగువు మారదు కాబట్టి ట్రెమొలో బ్రిడ్జి పైకీ కిందికీ జరగదు. ఇలాంటి బ్రిడ్జి ఉన్న మామూలు గిటారులో ఆరో తీగ ఒక్కటి వదులు చేస్తే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. ఆ బెడద ఇక్కడ లేదు. అయితే ఒక షరతు: అసలు తీగలు కచ్చితంగా మామూలు శ్రుతిలో ఉండాలి. తీగ కాస్త ఫ్లాట్ అయితే డ్రాప్ డి కూడా అంతే ఫ్లాట్‌గా వస్తుంది. అందుకే శ్రుతి చూసుకునేటప్పుడు మోడల్ నాబ్ ఆపి, మామూలు పికప్‌ల మీద చూసుకోండి. ఇంకో సంగతి, మామూలు పికప్‌లకి ఈ మార్చిన శ్రుతి వర్తించదు. డ్రాప్ డి పాట మధ్యలో మోడల్ ఆపేస్తే ఒక్కసారిగా ఇ లోకి పడతారు.

ఇంట్లో సన్నని శబ్దంతో సాధన చేసేవాళ్ళకి ఇక్కడే ఓ చిక్కుంది. చెవికి స్పీకర్ నుంచి డి వినిపిస్తుంది, చేతి కింది తీగ నుంచి ఇ వినిపిస్తుంది. రెండూ కలిసి గొడవపడతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకోవడమో, ఆంప్ పెంచడమో తప్ప దారి లేదు. స్టేజీ మీద ఈ బాధ ఉండదు.

శబ్దం మాటకొస్తే, స్పాంక్, టి-మోడల్ చాలా బాగున్నాయి. లెస్టర్ కూడా మంచిదే. ఈ గిటారులో హంబకర్ (రెండు చుట్టల, బరువైన శబ్దమిచ్చే పికప్) లేదు కాబట్టి గట్టి రిథమ్‌కి అదే గతి. ఎక్కువ గెయిన్‌తో లీడ్ వాయించేటప్పుడు మాత్రం మామూలు పికప్‌లకే ఓటు. బెండ్, వైబ్రాటో చేసేటప్పుడు వేలికి అందే స్పందన వాటిలోనే బాగుంటుంది. బారిటోన్ దాకా దింపితే తీగ మీటిన తొలి దెబ్బ మెత్తబడి కాస్త వెనకపడినట్టు ఉంటుంది. అర మెట్టుకి ఆ తేడా తెలీదు. అకూస్టిక్ మోడల్ ఒంటరిగా వింటే పీజో లక్షణం బయటపడుతుంది, బ్యాండు మధ్యలో కూర్చుంటే మాత్రం అకూస్టిక్ గిటారే వినిపిస్తుంది.

కానీ అకూస్టిక్ మోడల్‌ని గిటారు ఆంప్‌లో పెట్టొద్దు. గిటారు స్పీకర్ పైస్వరాలని కోసేస్తుంది, మధ్య స్వరాలు కరకరమంటాయి. అది డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారా సరాసరి మిక్సర్‌కి పోవాలి. ఎలక్ట్రిక్ మోడల్‌కి ఆంప్ గానీ ఆంప్ సిమ్యులేషన్ గానీ కావాలి. రెండూ ఒక్క పరికరంతో నడవాలంటే లైన్ 6 వాళ్ళ ఎఫెక్ట్స్ ప్రాసెసర్లే అయిన హీలిక్స్ ఫ్లోర్, హీలిక్స్ ఎల్‌టీ, లేదా పాతవాటిలో పాడ్ హెచ్‌డీ 500ఎక్స్ బాగా కుదురుతాయి. వీటికి వేరియాక్స్ కోసమే వీడీఐ పోర్టు ఉంది. ఆ కేబుల్ శబ్దంతో పాటు గిటారుకి కరెంటు కూడా ఇస్తుంది. ప్యాచ్ మారిస్తే మోడల్, శ్రుతి రెండూ మారిపోతాయి. ఒక్క పెడల్ నొక్కితే 12 తీగల గిటారు, ఇంకోటి నొక్కితే లెస్టర్. అదే కంపెనీ హెచ్‌ఎక్స్ స్టాంప్‌కీ పాడ్ గోకీ ఈ పోర్టు లేదు, కొనేముందు గుర్తుపెట్టుకోండి. వీడీఐ సాకెట్ చూడటానికి లాన్ సాకెట్‌లాగే ఉంటుంది. పొరపాటున కూడా ఆ కేబుల్‌ని కంప్యూటర్ లాన్ పోర్టులో గుచ్చకండి, అందులో కరెంటు ఉంటుంది. కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ క్లిప్ విరిగితే స్టేజీ మీద కదిలినప్పుడల్లా లైను తెగుతుంది. రెండో కేబుల్ సంచిలో ఉండాల్సిందే.

మామూలు కేబుల్‌తో వాయిస్తే లోపలున్న లిథియం బ్యాటరీ మీద నడుస్తుంది. పూర్తిగా నింపితే 12 గంటల దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది. పాతబడ్డ బ్యాటరీ అంత రాదు. కేబుల్ గుచ్చగానే సర్క్యూట్ ఆన్ అవుతుంది, కాబట్టి విరామంలో కేబుల్ తీసేయండి. బ్యాటరీ అయిపోతే మోడల్స్ పోతాయి గానీ మామూలు పికప్‌లు పనిచేస్తాయి. 2000ల నాటి పాత వేరియాక్స్‌లకి మామూలు పికప్‌లే లేవు. వాటిలో కరెంటు పోతే శబ్దమే పోతుంది.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది సాడిల్స్ దగ్గర. మోడల్‌లో ఒక తీగ మాత్రం సన్నగా వస్తుంటే ముందు తీగ సాడిల్‌లో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు వదులైనా, గాడిలో తుప్పు, మట్టి చేరినా అలాగే అవుతుంది. స్క్రూలు బిగించి, పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేశాక కూడా సన్నగానే ఉంటే వర్క్‌బెంచ్ హెచ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో ఆ తీగ వాల్యూమ్ విడిగా పెంచుకోవచ్చు. మామూలు పికప్‌లో తీగ బాగా పలుకుతూ మోడల్‌లో మాత్రం అసలు రాకపోతే, సాడిల్ నుంచి వెళ్ళే సన్నని వైరు తెగిందో కనెక్టర్ ఊడిందో అయి ఉండాలి. దాన్ని పీజో పని తెలిసిన మనిషికే ఇవ్వాలి. అలాంటి మనిషి మన పట్నాల్లో దొరకడం కష్టం. విశాఖో భువనేశ్వరో వెళ్ళాల్సిందే.

గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే చోట తీగలు తొందరగా తుప్పు పడతాయి. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. చచ్చిన తీగ ఓవర్‌టోన్లు అస్తవ్యస్తంగా ఉంటాయి, శ్రుతి మార్చే సర్క్యూట్‌కి అవి అందక శబ్దం వణుకుతుంది. "ప్రాసెసర్ పాడైంది" అనుకునే ముందు కొత్త తీగలు వేసి చూడండి. 10-46 గేజ్ నికెల్ వౌండ్ సరిపోతుంది. అకూస్టిక్ శబ్దం కోసమని ఫాస్ఫర్ బ్రాంజ్ వేస్తే మామూలు పికప్‌లకి సరిగ్గా అందదు. తీగలు ఒకటి తీసి ఒకటి వేయండి. ఆరూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి వెనక్కి వాలిపోతుంది. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల మోత తగ్గించడం) చేసేటప్పుడు అరచేతి అంచు సాడిల్ మీద కాకుండా కాస్త ముందుకు పెట్టండి. సాడిల్‌ని తాకితే పీజో ఆ తాకిడిని కూడా ధబ్‌మని పంపుతుంది.

తన గిటారుని వదులుకోలేనివాళ్ళకి రోలాండ్ జీకే-3 పికప్ (ఒక్కో తీగ శబ్దాన్ని విడిగా అందుకునేది) ఇంకో దారి. బ్రిడ్జి పక్కన అమర్చి, ఆఖరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగకీ పికప్‌కీ మధ్య సుమారు 1 మిల్లీమీటర్ ఉండేలా చూసి, 13 పిన్నుల కేబుల్‌తో బాస్ (Boss) కంపెనీ జీపీ-10 లాంటి ప్రాసెసర్ పెట్టెకి కలపాలి. మోడలింగ్ అంతా ఆ పెట్టెలోనే జరుగుతుంది, గిటారు మామూలుదే. పాడైతే పెట్టె ఒక్కటే బాగుచేయించుకోవచ్చు. మరమ్మతుకి దూరం పోవాల్సిన మన జిల్లాలకి ఇదే సుఖం అని మా అభిప్రాయం. స్టేజీ మీద కేబుళ్ళు, అడాప్టర్లు ఎక్కువవుతాయి, అది ఒప్పుకోవాలి.

వేరియాక్స్ ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. కొనేటప్పుడు మీ హెడ్‌ఫోన్ ఆంప్ వెంట తీసుకెళ్ళండి. అకూస్టిక్ మోడల్‌లో ఆరు తీగలూ ఒకే బలంతో మీటి, ఏదీ సన్నబడలేదని చూడండి. శ్రుతి నాబ్‌ని అన్ని మెట్లూ తిప్పండి. వీడీఐ సాకెట్‌లో పిన్నులు వంగలేదని టార్చి వేసి చూడండి. ఛార్జర్, బ్యాటరీ రెండూ అడిగి తీసుకోండి. అరగంట వాయించి, బ్యాటరీ లైట్లు ఎన్ని తగ్గాయో చూశాకే బేరం మొదలుపెట్టండి.