ప్రైమర్ ఫిల్లర్, నాలుగేళ్ళ వాడకం తర్వాత: గొడవంతా మూత దగ్గరే

తూటా అడుగున కూర్చుని, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి లోపలి మందుని అంటించే చిన్న ఇత్తడి బిళ్ళే ప్రైమర్. ఇంట్లో తూటాలు చేసుకునేవాళ్ళు వాటిని గొట్టంలో నింపుకోవడానికి వాడేది ఈ ఫిల్లర్. దీని మీద నాకున్న ముచ్చటా, కోపమూ రెండూ దాని మూత మీదే. మోటారు, పిడి, పళ్ళెం బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చేత్తో పట్టుకుని బటన్ నొక్కితే గుర్రుమని వణుకుతుంది, పళ్ళెంలోని ప్రైమర్లు వరసగా జారుకుంటూ వచ్చి గొట్టంలో పడతాయి. బ్యాటరీ రకం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నాకు వచ్చిన పీసే అలాంటిదేమో తెలియదు.

మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. నెలకి రెండు శనివారాలు యూఎస్‌పీఎస్‌ఏ అనే షూటింగ్ సంఘం మ్యాచ్‌లకి వెళ్తాను, మధ్యలో ప్రాక్టీసు. మొత్తం మీద నెలకి వెయ్యి తూటాల దాకా ఖర్చవుతాయి, అన్నీ 9 ఎంఎం, అన్నీ గరాజ్‌లో నేనే చేసుకున్నవి. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఈ జోలికి పోలేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీయే కాదు, తూటాలు కూడా దగ్గర పెట్టుకోకూడదు. ఇక్కడి ఫెడరల్ చట్టం లెక్కలో ఒట్టి ప్రైమర్ కూడా తూటా కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాను. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నా బెంచీ చూసి సరదాపడుతుంటారు కాబట్టి ఈ ముక్క ముందే చెప్తున్నాను.

ఫిల్లర్ కొనకముందు రెండేళ్ళు చేత్తోనే నింపాను. నా ప్రెస్సుకి, అంటే తూటాలు తయారుచేసే మిషనుకి, ప్రైమర్లు ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్తాయి, గొట్టానికి వంద. పళ్ళెంలో పరిచిన ప్రైమర్ల మీద గొట్టం మూతిని ఒక్కొక్కదాని మీదా పొడుచుకుంటూ పోవాలి, కోడి గింజలు ఏరుకున్నట్టు. వెయ్యి తూటాలకి పది గొట్టాలు, అంటే వెయ్యి పోట్లు. స్మాల్ పిస్టల్ ప్రైమర్ వెడల్పు 0.175 అంగుళం, కందిగింజంత కూడా ఉండదు. నాకు 47 ఏళ్ళు, చత్వారం వచ్చేసింది. మూడో గొట్టానికి మెడ పట్టేసేది, ఐదోదానికి కళ్ళలో నీళ్ళు.

అందుకే ఇది వచ్చిన కొత్తలో క్లబ్బులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను, అర నిమిషంలో వంద నిండుతాయని. అబద్ధం చెప్పలేదు. బటన్ నొక్కిన దగ్గర్నుంచి లెక్కేస్తే అర నిమిషమే. కానీ దానికి ముందు పెట్టెలోంచి పళ్ళెంలోకి బోర్లించాలి, తిరగబడ్డవాటిని సరిచెయ్యాలి, ఒకసారి తేరిపారా చూడాలి, మూత పెట్టాలి, గొట్టం తగిలించాలి. అన్నీ కలిపితే గొట్టానికి రెండు నిమిషాల పైనే. చేత్తో ఏరితే నాకు మూడు నిమిషాలు పట్టేది. మిగిలేది ముప్పై, నలభై సెకన్లు. కాబట్టి అప్పట్లో నా మాట విని కొన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, నేను పొగిడింది టైము గురించి కాదు, మెడ గురించి అనుకోండి.

మొదటి వారంలో ఇంకో తప్పు చేశాను. చేత్తో ఏరేటప్పుడు ప్రైమర్ మెరిసే వైపు పైకి ఉండాలి, ఎందుకంటే నిండిన గొట్టాన్ని తలకిందులు చేసి ప్రెస్సులో పోస్తాం. దీంట్లో గొట్టం తిరగదు, అడుగున పిన్ను ఉంటుంది, అలాగే తీసుకెళ్ళి ప్రెస్సు మీద నిలబెట్టి పిన్ను లాగెయ్యడమే. అంటే పళ్ళెంలో మెరిసే వైపు కిందకి ఉండాలి. రెండేళ్ళ అలవాటు కొద్దీ వందకి వందా పైకి పెట్టి నింపాను. ప్రెస్సులో మూడో తూటా అడుగు చూసుకుంటే ప్రైమర్ బొక్కబోర్లా కూర్చుని ఉంది. అలాంటిది పేలదు. మ్యాచ్ మధ్యలో టిక్కుమని చప్పుడొచ్చి ఊరుకుంటుంది, వెనకాల టైమర్ పట్టుకున్నాయన మాత్రం ఊరుకోడు.

తిరగబడ్డవాటిని సరిచెయ్యడానికే పళ్ళెంలో సన్నటి గాళ్ళుంటాయి. నెమ్మదిగా ఆడిస్తే వాటంతట అవే పక్కకి ఒరిగి తిరగబడతాయి. నాకు ఇది ఎంతకీ వచ్చేది కాదు, సగం తిరిగేవి, సగం మళ్ళీ వెనక్కి తిరిగేవి. తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "అట్టా ఎగరేస్తావేంట్రా? అది చేట కాదు, జల్లెడ అనుకో. పక్కకి ఆడించు" అంది. మూడు ఊపుల్లో వందా ఒకే వైపుకి వచ్చాయి. ఏం చేస్తున్నానో ఆవిడకి పూర్తిగా చెప్పలేదు, దీపావళి తుపాకీలో రీలు లాంటివని మాత్రం అన్నాను. దూరంగానే నిలబడమన్నాను, కళ్ళకి రక్షణగా పెట్టుకునే కళ్ళజోడు నాకొక్కడికే ఉంది.

ఇప్పుడు మూత సంగతి. మూత అద్దంలా ఉంటుంది, లోపలున్న వంద ప్రైమర్లూ కనిపిస్తాయి. ఈ ఒక్క గుణం కోసం మళ్ళీ ఇదే కొనమన్నా కొంటాను. ఒక ఫ్రెండు దగ్గర కరెంటుతో నడిచే గిన్నె రకం ఉంది, ధర దీనికి ఎన్నో రెట్లు. గిన్నెలో వంద పోసి స్విచ్ వేస్తే మెట్టు మెట్టుగా ఎక్కి, తిరగబడ్డవి ఒక గంటు దగ్గర మళ్ళీ గిన్నెలోకే పడిపోయి, మిగతావి ఇనప కవచం లోపలున్న గొట్టంలోకి దిగుతాయి. మనం కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. కాకపోతే గంటు దాటుకుని అప్పుడప్పుడూ ఒక దొంగ లోపలికి పోతుంది, గొట్టంలోకి దిగాక దాన్ని పట్టుకునే దారే లేదు. నా దాంట్లో మూత మీంచి చూస్తే ఏది దొంగో కనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ ఇనప కవచం ఊరికే పెట్టలేదు. లోపల ఏదైనా పేలితే మనిషిని కాపాడటానికి పెట్టారు. నా ప్లాస్టిక్ మూత కళ్ళకి సుఖమే గాని ఒంటికి రక్ష కాదు. వంద ప్రైమర్లని ముఖానికి మూరెడు దూరంలో చేత్తో పట్టుకుని వణికిస్తున్నానన్న సంగతి మొదటి ఏడాది నాకు పెద్దగా తట్టలేదు. ఇప్పుడు కళ్ళజోడు లేకుండా బటన్ నొక్కను. బెంచీ మీద ఒకే వంద ఉంటుంది, మిగతా తొమ్మిది వందలూ గదికి అవతలి వైపు బీరువాలో.

నా కోపం ఆ మూత గొళ్ళెం మీద. మూతకీ పళ్ళేనికీ మధ్య ఖాళీ, ప్రైమర్ మందం కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, అంతే. అప్పుడే ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా క్యూలో వస్తాయి. దాన్ని పట్టి ఉంచేది చిన్న ప్లాస్టిక్ కొక్కెం. ఏడాదిన్నరకి అది వదులైంది. చూస్తే తెలియదు, వణికినప్పుడు మాత్రం మూత ఒక వైపు కొద్దిగా లేస్తుంది.

ఆ రోజు శుక్రవారం రాత్రి, పదకొండవుతోంది. తెల్లారి మ్యాచ్, ఇంకా రెండు వందల తూటాలు కావాలి. రెండో గొట్టం సగం దాటాక మోటారు చప్పుడు మారింది. గుర్రుమనేది కాస్తా కీచుమంది. చూస్తే గొట్టం మూతి దగ్గర ఒకటి అడ్డంగా నిలబడి ఉంది, దాని భుజం మీద ఇంకొకటి ఎక్కి మూతకి ఆనుకుని ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది, బెంచీ అంచుకేసి ఒక్కటి తడదామని. పాత రేడియోని మొత్తినట్టు. క్లబ్బులో పెద్దాయన ఒకరు ఎప్పుడూ అనేవారు, ఇరుక్కున్న ప్రైమర్ని కొట్టొద్దు, పొడవొద్దు, తొయ్యొద్దు అని. చెయ్యి సగంలో ఆగింది.

బ్యాటరీలు తీసేశాను. వెనక్కి వంచితే పళ్ళెంలోవి వెనక్కి జారాయి, ఆ రెండూ కదల్లేదు. సరే, గొట్టాన్ని విడదీస్తే వదులవుతాయి కదా అనుకుని మెల్లగా తిప్పి గొట్టాన్ని కిందకి లాగాను. అడుగున పిన్ను లేదు. తొందరలో పెట్టడం మర్చిపోయాను, అప్పటిదాకా అడుగున నా అరచెయ్యే ఆనకట్ట. లెక్కప్రకారం అరవై ఒకటి కాంక్రీటు మీద పడ్డాయి. వాన చినుకుల్లాగా చప్పుడు. ఏదీ పేలలేదు, అది నా గొప్ప కాదు.

"ఏమైందండీ? వ్యాక్యూమ్ తీసుకురానా?" అంటూ మా ఆవిడ తలుపు తీసింది. నేను అరిచిన అరుపుకి పిల్లాడు లేచాడు. బతికున్న ప్రైమర్ని వ్యాక్యూమ్‌తో లాగితే లోపల తిరిగే రెక్కలకి తగిలి పేలొచ్చు. ఇనుము కాదు, ఇత్తడి కాబట్టి అయస్కాంతానికీ అంటుకోవు. టార్చిలైటుని నేల మీద అడ్డంగా పడుకోబెడితే ప్రతి చిన్నదానికీ పొడుగాటి నీడ పడుతుంది, ఆ నీడల్ని పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరాను. పన్నెండున్నరకి యాభై తొమ్మిది. అరవయ్యోది నా హవాయి చెప్పు అడుగున గాట్లో ఇరుక్కుని దొరికింది. అంటే గంటన్నర దాని మీదే నడిచాను. తెల్లారి మ్యాచ్‌కి వెళ్ళలేదు.

పిన్ను మర్చిపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. ఆ రాత్రి అంతా మొదలైంది మాత్రం గొళ్ళెం దగ్గర. కంపెనీకి ఫొటోలు పంపితే మర్యాదగానే మాట్లాడి కొత్త మూత ఉచితంగా పంపారు. అదే మూత, అదే గొళ్ళెం. ఏడాదికి అదీ వదులైంది. ఇప్పుడు నా మూతని పట్టి ఉంచేది ఇండియన్ స్టోర్ నుంచి వచ్చిన కొత్తిమీర కట్టకున్న రబ్బరు బ్యాండు. రెండు చుట్లు. మూడు చుడితే మూత బిగిసిపోయి ప్రైమర్లు కదలవు. అది చుట్టాక ఏడాదిన్నరలో ఒక్కసారి మాత్రమే ఇరుక్కుంది, అదీ రబ్బరు పాతబడి సాగినప్పుడు. వంటింట్లో కట్ట విప్పగానే మా ఆవిడ బ్యాండు తీసి నాకోసం మేకుకి తగిలిస్తుంది.

మిగతావి క్లుప్తంగా. నేను ఎక్కువ వాడేది సీసీఐ కంపెనీ 500 రకం ప్రైమర్లు, వాటి పెట్టె పళ్ళెంలోకి తిన్నగా బోర్లుతుంది. ఫెడరల్ కంపెనీ 100 రకం పెద్ద పెట్టెలో దూరదూరంగా సర్ది వస్తాయి, ఆ పెట్టె ఈ చిన్న పళ్ళెం మీద ఇమడదు, రెండు మూడు విడతలుగా పొయ్యాలి. జనవరిలో గాలి పొడిబారినప్పుడు ప్లాస్టిక్ పళ్ళేనికి స్టాటిక్ పడుతుంది. మొదట బెంచీ ఇనప కాలుని ముట్టుకుని, బట్టల డ్రయ్యర్లో వేసే షీటుతో ఖాళీ పళ్ళెం తుడిచి అప్పుడు మొదలుపెడతాను. గొట్టాల లోపల సన్నటి పొడి చేరుతుంది, దాన్ని వదిలెయ్యకూడదు. ప్రైమర్ మందులో సీసం ఉంటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, మనం చేత్తో అన్నం కలుపుకునే జనం.

కొనాలా వద్దా అంటే, నెలకి రెండు మూడు వందలు కాల్చేవాళ్ళయితే అవసరం లేదు, చూపు బాగున్న కుర్రాళ్ళకి ఇంకా అవసరం లేదు. చేత్తో ఏరుకోండి, ప్రతి ప్రైమర్నీ కళ్ళతో చూసినట్టు ఉంటుంది. నెలకి మూడు నాలుగు వేలు కాల్చేవాళ్ళు, డబ్బుకి వెనకాడనివాళ్ళు గిన్నె రకం వైపు వెళ్ళడమే మంచిదనుకుంటాను, ఆ ఇనప కవచం కోసమైనా. నాలాగా మధ్యలో ఉండి, చత్వారంతో, మెడనొప్పితో, రాత్రి పిల్లలు పడుకున్నాక గంటసేపు దొరికేవాళ్ళకి ఇది సరిపోతుంది, రబ్బరు బ్యాండుతో కలిపి. లార్జ్ ప్రైమర్లతో ఎలా ఉంటుందో నన్ను అడగొద్దు, ఎప్పుడూ వాడలేదు.

అరవై ఒకటోది ఇప్పటికీ దొరకలేదు. గరాజ్ చీపురుతోనే ఊడుస్తున్నాం.