చప్పుడు లెక్కన రికర్వ్, లాంగ్‌బో: ఎంత తేడా, ఎంతవరకు తగ్గించవచ్చు

రికర్వ్ అంటే కొసలు ఎదుటివైపుకి వంగిన విల్లు, లాంగ్‌బో అంటే కొసలు అలా వంగని పొడవాటి విల్లు. పెట్టెలోంచి తీసి, నారి ఎక్కించి, అలాగే బాణం వేస్తే తక్కువ చప్పుడులో లాంగ్‌బోదే పైచేయి. అందులో వాదన లేదు. కానీ రికర్వ్‌ని ఓపిగ్గా సర్దుకుంటే ఆ తేడా చాలావరకు పోతుంది. సామిక్ సేజ్ లాంటి 62 అంగుళాల టేక్‌డౌన్ (విడదీసే వీలున్న) రికర్వ్‌ని, 68 అంగుళాల మామూలు లాంగ్‌బోని పక్కపక్కన పెట్టి, చప్పుడు ఒక్కటే చూస్తున్నాం ఇక్కడ. వేగం, అందం సంగతి అవసరం పడితేనే.

విల్లు లాగినప్పుడు చేరిన శక్తి అంతా బాణంలోకి పోదు. మిగిలినది లింబుల్లోనూ (విల్లులో పైనా కిందా వంగే రెండు భాగాలు) నారిలోనూ అదురుగా మారుతుంది. మనం వినేది దాన్నే. ఇది రెండు విళ్లకీ ఉంది. రికర్వ్‌కి ఇంకొకటి అదనం. దాని కొసలు ఎదుటివైపుకి వంగి ఉంటాయి కాబట్టి, నారి ఎక్కించాక కొసల దగ్గర రెండు మూడు అంగుళాల మేర అది లింబ్‌కి ఆనుకుని ఉంటుంది. లాగుతుంటే అక్కడినుంచి లేస్తుంది, వదలగానే వచ్చి మళ్లీ లింబ్‌ని కొడుతుంది. పొడిగా ‘టప్’మని వినిపించేది ఈ దెబ్బే. లాంగ్‌బోలో నారి రెండు కొసల గాడుల్లో తప్ప ఇంకెక్కడా తగలదు. పోటీ నిబంధనల్లో లాంగ్‌బో అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఈ షరతే పెడతారు. కొట్టడానికి చోటే లేదు కనుక ‘టప్’ ఉండదు, మొద్దుగా ఒక ‘దుమ్’ మాత్రం ఉంటుంది.

అలాగని లాంగ్‌బోని పూర్తిగా వెనకేసుకురాలేం. చెవికి తగ్గిన అదురు చాలాసార్లు చేతికి తెలుస్తుంది. రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య భాగం) తేలిక, లింబులు బరువు అయిన లాంగ్‌బోలో వదిలిన క్షణాన పిడికిలి జిల్లుమంటుంది. మరీ తేలిక బాణం వేస్తే అదీ గట్టిగానే మోగుతుంది. టేక్‌డౌన్ రికర్వ్‌కి బరువైన రైజర్ ఉండటంతో చేతికి హాయి. చప్పుడు పనే మిగిలింది.

ఆ పనిలో మొదటిది బ్రేస్ హైట్. సగం ఫలితం ఇక్కడే వస్తుంది, అయినా చాలామంది ముందు సైలెన్సర్లు (చప్పుడు తగ్గించడానికి నారికి కట్టే కుచ్చులు) కొనేస్తారు. పట్టులో అన్నిటికన్నా లోతైన చోటునుంచి నారి దాకా ఉన్న దూరమే బ్రేస్ హైట్. 62 అంగుళాల రికర్వ్‌కి ఇది సాధారణంగా 7.5 నుంచి 8.25 అంగుళాల మధ్య ఉంటుంది. కింది అంచు 7.5 దగ్గర మొదలుపెట్టండి. స్ట్రింగర్‌తో (నారి ఎక్కించడానికి వాడే తాడు) విల్లు వంచి, నారి దించి, ఇప్పటికే ఉన్న మెలి దిశలోనే మూడు నాలుగు మెలికలు వేసి, మళ్లీ ఎక్కించి కొలవండి. ఎదురు దిశలో తిప్పితే నారి పొడవై బ్రేస్ హైట్ ఇంకా పడిపోతుంది. ప్రతి మార్పుకీ నాలుగైదు బాణాలు వేసి వినండి. పెంచుతూ పోతుంటే ఒక చోట ‘టప్’ మెత్తబడి మొద్దుబారుతుంది. దాన్ని దాటితే మళ్లీ గట్టిపడుతుంది, బాణం వేగమూ కాస్త తగ్గుతుంది. అప్పుడు ఒక మెట్టు వెనక్కి రండి, కొలత రాసిపెట్టుకోండి. ఇది పని చేయడానికి కారణం తేలికే: బ్రేస్ హైట్ పెరిగేకొద్దీ లింబ్‌కి ఆనుకునే నారి పొడవు తగ్గుతుంది, దెబ్బ తగిలే జాగా చిన్నదవుతుంది. మెలికలు ఎక్కువై నారి తనంతట తానే ముడులు పడుతుంటే అది ఆ విల్లుకి పొడవైన నారి, పొట్టిది తీసుకోవాలి. కొత్త డాక్రాన్ (పాలిస్టర్ దారపు) నారి మొదట్లో సాగుతుంది కాబట్టి కొన్ని పదుల బాణాలు వేశాక మళ్లీ కొలవాలి.

రెండోది బాణం బరువు. దీన్ని విల్లు పౌండుకి (విల్లు లాగడానికి పట్టే బలం) ఇన్ని గ్రెయిన్లు అని లెక్కేస్తారు. లింబ్ మీద రాసిన పౌండ్లు 28 అంగుళాల లాగుడుకి. మీరు 26 అంగుళాలే లాగితే 40 పౌండ్ల విల్లు మీ చేతిలో దాదాపు 35 పౌండ్లే. 40 పౌండ్లు నిజంగా లాగేవాళ్లకి పౌండుకి 8 గ్రెయిన్లంటే 320 గ్రెయిన్ల బాణం, సుమారు 20.7 గ్రాములు. పౌండుకి 10 అయితే 400 గ్రెయిన్లు, సుమారు 26 గ్రాములు. ఈ 5 గ్రాముల తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే బరువైన బాణం ఎక్కువ శక్తిని తనతో పట్టుకుపోతుంది. పౌండుకి 5 గ్రెయిన్ల దాకా దిగితే చప్పుడు మాట అటుంచి లింబులకే ముప్పు, ఉత్త నారి లాగి వదిలినదానికి అది దగ్గరి చుట్టం. బరువు పెంచడానికి మొన బరువు ఒక్కటే పెంచితే బాణం మెత్తబడి, అంటే ఎక్కువగా వంగి, గురి పక్కకి పోతుంది. దానికి తగ్గట్టు షాఫ్ట్ (బాణం కర్ర) గట్టిదనం కూడా చూసుకోవాలి.

కొన్నిసార్లు వినిపించేది నారి చప్పుడే కాదు, బాణం షెల్ఫ్‌ని (రైజర్ మీద బాణం ఆనే మెట్టు) కొట్టే ‘టక్’. నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) కిందికి ఉంటే ఇలా అవుతుంది. షెల్ఫ్ మీదనుంచే వేసేవాళ్లు స్క్వేర్ కొలతకి (షెల్ఫ్ నుంచి నారికి లంబంగా వచ్చే చోటు) అర అంగుళం పైన మొదలుపెట్టి సరిచేసుకోవాలి. నారికి మెలికలు వేసిన ప్రతిసారీ ఈ పాయింట్ జరుగుతుంది, మళ్లీ చూసుకోండి. నాక్ (బాణం తోక గాడి) బిగువు పరీక్షకి బాణాన్ని నారికి తగిలించి, మొన కిందికి వేలాడేలా పట్టుకుని నారి మీద వేలితో తట్టండి. తట్టగానే ఊడిపడితే సరి. తట్టకముందే జారితే ప్రమాదం. షెల్ఫ్ మీద గట్టి తోలు ఉంటే కార్బన్ బాణం లాగేటప్పుడే గీరుకుంటుంది, మెత్తటి ఫెల్ట్ వేస్తే అది పోతుంది. టేక్‌డౌన్‌లో లింబ్ బోల్టులు వదులైతే వచ్చే గలగల వేరు. నారి ఎక్కించే ముందు చేత్తో బిగించి చూడటం అలవాటు చేసుకోండి.

ఇవన్నీ అయ్యాకే సైలెన్సర్లు. 62 అంగుళాల రికర్వ్‌కి నారి సుమారు 58 అంగుళాలు. పైనుంచి నాలుగో వంతు, అంటే 14.5 అంగుళాల దగ్గర ఒకటి, కిందినుంచి మూడో వంతు, అంటే 19 అంగుళాలు దాటాక ఇంకొకటి కట్టాలి. రెండూ సమాన దూరంలో ఉంటే ఒకే రకం అదురు మిగిలిపోతుంది, అందుకే ఈ తేడా. ఉన్ని మెత్తగా బాగా పనిచేస్తుంది గానీ వానలో నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. రబ్బరు ‘క్యాట్ విస్కర్స్’ తడికి తట్టుకుంటాయి, ఎండకి పెళుసై తెగుతాయి. బొచ్చు ముక్కలు రెండిటి మధ్య మంచి బేరం. ఏది కట్టినా నారి బరువు పెరిగి వేగం కొంచెం తగ్గుతుంది, కాబట్టి పెద్ద గుత్తులు వద్దు.

మిగిలిన ‘టప్’కి అసలు మందు లింబ్ కొసల దగ్గరే ఉంది. నారి ఆనే గాడిలో మూడు అంగుళాల పలచటి ఫెల్ట్ పట్టీ అతికించండి, నారి ఉచ్చు కింద మాత్రం వద్దు. పైనా కిందా సమానంగా ఉండాలి.

ఫలితం వినాల్సింది విలుకాడు కాదు. అతని చెవి నారికి జానెడు దూరంలో ఉంటుంది, అక్కడ అన్నీ గట్టిగానే ఉంటాయి. వెనక్కి, పక్కకి పది అడుగుల్లో ఇంకొకరిని నిలబెట్టి వారినే అడగండి. ఫోన్ రికార్డింగ్ పెద్ద చప్పుళ్లని తనే అణిచేస్తుంది కనుక దాని మీద తీర్పు చెప్పకండి.

రికర్వ్ ఉన్నవాళ్లు చప్పుడు కోసమే లాంగ్‌బో కొనక్కర్లేదు. పై పనులు ఒక సెలవు పూటలో అవుతాయి, ఖర్చు కొంచెం ఫెల్ట్, కొంచెం ఉన్ని. కొత్తగా కొంటూ, ఈ సర్దుబాట్లకి ఓపిక లేదనుకునేవాళ్లు పౌండుకి 10 గ్రెయిన్ల బాణాలతో లాంగ్‌బో తీసుకోండి. కొనేముందు రెండు మూడు బాణాలు వేసి పిడికిలికి ఎంత అదురు వస్తుందో చూసుకోండి, దాన్ని తర్వాత తగ్గించడం కష్టం.