క్యాపిటల్ టూర్, సెనేట్ గ్యాలరీ: మా నాన్న 34 బల్లలు లెక్కపెట్టిన రోజు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడ వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో మనవాళ్లందరం తిప్పే రూటు ఒకటే. గుడి, కాస్ట్‌కో, లూరే గుహలు, ఓ శనివారం డీసీ. డీసీ అంటే వైట్‌హౌస్ కంచె బయట ఒక ఫొటో, క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) ముందు ఇంకో ఫొటో, అంతే. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నా ఆ బిల్డింగ్ లోపలికి నేనెప్పుడూ వెళ్లలేదు. 2025 ఏప్రిల్‌లో నాన్న పట్టుబడితే వెళ్లాను.

పట్టుబట్టడానికి కారణం దక్షిణ కొరియా. ఏప్రిల్ 4న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్‌ను పదవి నుంచి తీసేసింది. సోఫాలో కూర్చుని ఆ వార్త చూస్తున్న నాన్న, "డిసెంబర్లో అభిశంసించారు, ఏప్రిల్‌కల్లా ఇంటికి పంపారు. మరి మీ ఊళ్లో ట్రంప్‌ని రెండుసార్లు అభిశంసించినా కదల్లేదేం?" అన్నారు. ఆయనకి అమెరికా మొత్తం "మీ ఊరే". ఆ ప్రశ్న వెనక పాత గాయం ఒకటుంది. 2019 డిసెంబర్లో పేపర్లో "ట్రంప్ అభిశంసన" అని పెద్దక్షరాల్లో చూసి, ఇక దిగిపోయినట్టేనని వాకింగ్ ఫ్రెండ్స్‌తో పందెం కాశారు. ఫిబ్రవరిలో తెనాలిలో ఆరుగురికి పెసరట్టు ఉప్మా పెట్టించాల్సి వచ్చింది. తెనాలి కోర్టులో బెంచ్ క్లర్క్‌గా రిటైరైన మనిషి ఇలాంటి విషయంలో ఓడిపోవడం ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, రివ్యూకొస్తాను. ముందుగా, ఈ టూర్ పూర్తిగా ఉచితం. వెబ్‌సైట్లో మనమే బుక్ చేసుకోవచ్చు. మా పక్క వీధి ఆంటీ వాళ్లు ఎవరో ఏజెంటుకి మనిషికింత అని డబ్బు కట్టి, బిల్డింగ్ బయటి నుంచే చూసి వచ్చారు. అలా చేయకండి. రెండోది, మామూలు టూర్‌లో సెనేట్ (ఎగువ సభ), హౌస్ (దిగువ సభ) సమావేశ మందిరాలు ఉండవు. వాటికి గ్యాలరీ పాస్ విడిగా కావాలి. మీ సెనేటర్ ఆఫీసుకో, కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకో రాస్తే ఇస్తారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లయితే విజిటర్ సెంటర్ పై అంతస్తులో ఉండే అపాయింట్‌మెంట్ డెస్కులో అడగొచ్చు, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు ఆ గ్యాలరీలోనే ఉంది కాబట్టి, రెండింట్లో ఒక్కటే కుదిరితే నేను గ్యాలరీయే చూడమంటాను.

యాష్‌బర్న్ స్టేషన్లో సిల్వర్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా క్యాపిటల్ సౌత్‌లో దిగొచ్చు. గంటకు పైగా పడుతుంది. లోపలికి తిండి, నీళ్లు, ఏదీ రానివ్వరు. ఖాళీ సీసా అయితే ఫర్వాలేదు. ఈ సంగతి నాకు తెలుసు, అమ్మకి చెప్పడం మర్చిపోయాను. పులిహోర బయట బెంచీ మీదే అయిపోయింది కానీ, సెక్యూరిటీ లైన్లోకి వచ్చాక అమ్మ సంచీలోంచి లీటరు మజ్జిగ సీసా బయటపడింది. పారబోయడానికి అమ్మ ఒప్పుకోదు. నాన్న పక్కకి నిలబడి మొత్తం తాగేశారు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన మొదట వెతికింది విగ్రహాల్ని కాదు, రెస్ట్‌రూమ్‌ని.

పదమూడు నిమిషాల సినిమా ఒకటి వేస్తారు, తర్వాత చెవులకి హెడ్‌సెట్ ఇచ్చి గుంపులుగా తిప్పుతారు. క్రిప్ట్ అనే కింది హాల్లో నలభై స్తంభాలు. జార్జి వాషింగ్టన్ సమాధి కోసం కింద కట్టిన గది ఖాళీగానే ఉండిపోయింది. విగ్రహాల హాల్లో ఒక మూల గుసగుసగా మాట్లాడితే అంత దూరాన ఇంకో మూల స్పష్టంగా వినిపిస్తుంది. అమ్మకి ఇది తెగ నచ్చింది. గోపురం కింద ఉండే గుండ్రటి హాలు, రోటుండా గురించి ఎంత చెప్పినా తక్కువే. నేల నుంచి పైకప్పు దాకా 180 అడుగులు, పైన వాషింగ్టన్ మేఘాల్లో దేవుడిలా కూర్చున్న బొమ్మ. అందరూ తలలెత్తి చూస్తుంటే నాన్న మాత్రం నేలకేసి, అటూ ఇటూ ఉన్న గుమ్మాలకేసి చూస్తున్నారు. 2020 జనవరిలో హౌస్ నుంచి అభిశంసన పత్రాలు పట్టుకుని సభ్యులు ఇద్దరిద్దరుగా సెనేట్‌కి నడిచి వెళ్లిన దారి ఇదే అని నేను చెప్పాను. ఆయన వెంటనే, "అంటే చార్జిషీటు ఇటు నుంచి అటు వెళ్లిందన్నమాట. విచారణ అటువైపు. చార్జిషీటు పడగానే శిక్ష పడినట్టు రాశాడు కదే ఆ పేపరువాడు!" అన్నారు. అయిదేళ్ల కోపం. హౌస్‌లో మామూలు మెజారిటీ చాలు, సెనేట్‌లో హాజరైనవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. ఈ తేడా ఆయనకి అప్పుడే తెలిసుంటే పెసరట్లు మిగిలేవి.

గ్యాలరీ మూడో అంతస్తులో. అక్కడ ఫోన్లు కూడా తీసి పెట్టేసుకుంటారు. మెత్తటి కుర్చీల్లో కూర్చుని కిందికి చూస్తే, ఇంతేనా అనిపిస్తుంది. టీవీలో అంత పెద్దగా కనిపించే సెనేట్, మా ఊళ్లో ఓ మోస్తరు కళ్యాణమండపం కంటే చిన్నది. మేం వెళ్లినప్పుడు ఒకే ఒక్క సెనేటర్ మాట్లాడుతున్నారు, వింటున్నవాళ్లు లేరు. ఆయన పక్కనే స్టెనో, టైపు మిషన్ మెడకి తగిలించుకుని నిలబడి కొట్టేస్తోంది. నాన్న జీవితమంతా స్టెనోలు కుర్చీలో కూర్చుని రాసుకోవడమే చూశారు. "నిలబడా!" అని పైకే అనేశారు. సిబ్బందిలో ఒకాయన మర్యాదగా పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

ఈ గ్యాలరీ పాస్‌కే ఒక కథ ఉంది. పాసులివ్వడం మొదలైంది 1868లో, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసన విచారణకి జనం ఎగబడితే. రోజుకి వెయ్యి టికెట్లు అచ్చేశారట, ఊరంతా వాటి కోసం కొట్టుకున్నారు. ఇన్నేళ్లలో అధ్యక్షుణ్ని తీసేసే అంకె దగ్గరిదాకా వచ్చింది ఆ ఒక్కసారే. 54 మంది సెనేటర్లలో 36 కావాలి, 35 వచ్చాయి. ఒక్క ఓటు! జాన్సన్‌ని కాపాడినవాళ్లలో ఏడుగురు ఆయన్ని దించాలనుకున్న రిపబ్లికన్ పార్టీ వాళ్లే. ఆయన 1875లో అదే సెనేట్‌కి మెంబరుగా తిరిగొచ్చాడు కూడా.

ఆ తర్వాత క్లింటన్, 1999 ఫిబ్రవరి. ఒక ఆరోపణ మీద దోషి అన్నవాళ్లు 45, కాదన్నవాళ్లు 55, ఇంకోదాని మీద 50–50. తర్వాత ట్రంప్, 2020 ఫిబ్రవరి 5న, 48–52, 47–53. సొంత పార్టీ నుంచి వ్యతిరేకంగా ఓటేసింది మిట్ రామ్నీ ఒక్కడే. మళ్లీ 2021 ఫిబ్రవరి 13న 57–43. సొంత పార్టీవాళ్లు ఏడుగురు కలిశారు, అయినా వందలో మూడింట రెండు వంతులంటే కావాల్సిన 67కి పది తక్కువ. మొత్తం ముగ్గురు అధ్యక్షులు, నాలుగు విచారణలు, ఒక్కరూ దిగలేదు. నిక్సన్ అయితే హౌస్‌లో ఓటింగ్ దాకా రానివ్వకుండా తనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఇవన్నీ నేను చెవిలో చెబుతుంటే నాన్న వింటూనే, ఒడిలో చెయ్యి పెట్టుకుని వేళ్లు మడుస్తున్నారు. ఏంటని చూస్తే కింద బల్లలు లెక్కపెడుతున్నారు. అర్ధచంద్రాకారంలో వంద బల్లలు, మధ్యలో నడవ, ఒకవైపు ఒక పార్టీ, రెండోవైపు ఇంకోటి. ఆయన గోడ పక్క నుంచి మొదలుపెట్టారు. మధ్య నడవ ఇంకా ఇంత దూరం ఉండగానే ఆగిపోయి, "ముప్పై నాలుగు" అన్నారు. "అరవై ఏడు కావాలని మీరంతా ఏడుస్తారు. కాపాడుకునేవాడికి ఈ ముప్పై నాలుగు చాలు. తన పార్టీవాళ్లు కూర్చునే సగంలో ఇంకా బోలెడు కుర్చీలు మిగులుతున్నాయి, చూడు."

ఆ అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ గదిని అలా ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన మనవాళ్ల పద్ధతిలో అడిగారు. "1984లో నాదెండ్ల భాస్కరరావు టైములో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలని కర్ణాటక దాకా తీసుకెళ్లి క్యాంపు పెట్టారు. వీళ్లు ఏ ఫ్లోరిడాలోనో పెట్టరా?" పెట్టే అవసరం లేదు నాన్నా అన్నాను. ఇక్కడ టికెట్ ఇచ్చేది అధిష్ఠానం కాదు, ప్రైమరీలో, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నికలో ఓటేసే ఆ పార్టీ జనం. క్యాంపు వాళ్ల నియోజకవర్గంలోనే ఉంటుంది. 2021లో హౌస్‌లో ట్రంప్ అభిశంసనకి ఓటేసిన సొంత పార్టీవాళ్లు పది మంది. 2022 ఎన్నికల్లో మళ్లీ గెలిచింది ఇద్దరే. నలుగురు పోటీయే చేయలేదు, నలుగురు ప్రైమరీలో ఓడారు, అందులో లిజ్ చెయినీ ఒకరు. అది చూశాక ముప్పై నాలుగు కుర్చీల్లో ఎవరు లేస్తారు? కొరియాలో ఆఖరి మాట జడ్జీలది, వాళ్లకి ప్రైమరీల గొడవ లేదు. అక్కడా ప్రతిసారీ దించలేదు లెండి, 2004లో రో మూ హ్యున్‌ని కోర్టు తిరిగి కూర్చోబెట్టింది. 2017లో పార్క్ గున్ హేని, ఇప్పుడు యూన్‌ని తీసేసింది.

నాన్నకి 1993 గుర్తొచ్చింది. పీవీ గారి ప్రభుత్వం, సుప్రీంకోర్టు జస్టిస్ వి. రామస్వామి మీద లోక్‌సభలో తీర్మానం. అనుకూలంగా 196 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 205 మంది ఓటేయకుండా కూర్చున్నారు. తీర్మానం వీగిపోయింది. "వద్దు అనకుండానే వదిలేశారు," అన్నారు. అమెరికాలో ఓటింగ్‌కి రాకుండా తప్పించుకునే కిటుకు పనిచేయదు. లెక్క హాజరైనవాళ్ల మీద కాబట్టి, అధ్యక్షుడి మనుషులు బయటికి వెళ్లిపోతే ఆయనకే నష్టం. మొహం దాచుకునే వీల్లేదు.

"మరి ఇన్నేళ్లలో ఈ సెనేట్ ఎవర్నీ తీసేయలేదా?" తీసేసింది, ఎనిమిది మందిని. అందరూ ఫెడరల్ జడ్జీలే. మొదటాయన 1804లో, చివరాయన 2010లో. కోర్టులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి దీనికి నవ్వారో, నొచ్చుకున్నారో నాకు తెలియలేదు. "జడ్జీలైతే సులువు. వాళ్ల వెనక ఎవరుంటారు," అని ఊరుకున్నారు. ఆ ఎనిమిది మందిలో ఆల్సీ హేస్టింగ్స్ 1989లో పదవి పోయాక, 1992లో ఎన్నికల్లో గెలిచి తనని అభిశంసించిన హౌస్‌కే వచ్చి 2021లో చనిపోయేదాకా ఉన్నాడని చెబితే మాత్రం గట్టిగా నవ్వారు. పెదాల మీద వేలు, రెండోసారి.

బయటికొచ్చాక అమ్మకి ఇంకోటి చెప్పాను. విచారణ జరుగుతున్నప్పుడు సెనేటర్లు ఆ గదిలో నీళ్లు కాకుండా తాగగలిగింది పాలేనని. "పాలు రానిచ్చి మజ్జిగ ఎందుకు వద్దన్నారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

మార్కులు: నాన్న ఐదుకి ఐదు. అమ్మ మూడు, మజ్జిగ దగ్గర రెండు కోసేసింది. నేను నాలుగున్నర. ఆ అర మార్కు తగ్గింది మోకాళ్ల నొప్పులున్న అమ్మకి వీల్‌చైర్ ముందే అడగకుండా తీసుకెళ్లినందుకు, అది నా తప్పే. మీరు వెళ్తే వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్లండి. శనివారం టూర్ ఉంటుంది కానీ సెనేట్ కూర్చునేది చాలా అరుదు. పాస్ మాత్రం అప్పుడున్న కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) రెండేళ్ల కాలమంతా చెల్లుతుంది. వచ్చేటప్పుడు ఎవరూ వెనక్కి అడగలేదు. నాన్న దాన్ని పర్సులో వెంకన్న ఫొటో వెనక పెట్టుకుని తెనాలి పట్టుకెళ్లారు, పెసరట్లు తిన్న ఆరుగురికీ చూపించాలట.