చెన్నై పడవకు 135 శాతం ఫర్లింగ్ జెనోవా: సగం చుట్టి చూస్తేనే తెలుస్తుంది

పూర్తిగా విప్పితే ఏ కొత్త తెరచాపైనా ముచ్చటగానే ఉంటుంది. ఫర్లింగ్ జెనోవా అంటే పడవ ముందు తీగకు చుట్టి పెట్టగలిగే పెద్ద ముందు తెరచాప. పనితనం తేలేది దాన్ని కొంత చుట్టి ఎదురుగాలికి నడిపినప్పుడు. చెన్నైలో ఉంచుకునే 32 అడుగుల క్రూజింగ్ పడవకు 150 కంటే 135 శాతందే మేలు.

ఈ శాతం సంగతి ముందు చూద్దాం. ఫోర్‌స్టే (మాస్టును, అంటే తెరచాప కొయ్యను, ముందువైపు పట్టి ఉంచే తీగ) అడుగు నుంచి మాస్టుకు ఎంత దూరమో కొలవండి. తెరచాప వెనక మూల, అంటే క్లూ నుంచి ముందంచుకు ఉండే లంబదూరం దానికి ఎన్నో వంతో చెప్పేదే శాతం. ఆ దూరం 4 మీటర్లు, ముందంచు 12 మీటర్లు అనుకుంటే 150 శాతం తెరచాప 36 చదరపు మీటర్లు, 135 శాతంది 32.4. మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకున్నాక కావాల్సింది 100 శాతం, అంటే 24. 135 నుంచి అక్కడికి రావడానికి 26 శాతం తగ్గిస్తే చాలు. 150 నుంచి అయితే 33 శాతం. 30 దాటిందంటే మధ్యలో గుడ్డ సంచిలా ఉబ్బుతుంది. పడవ ఒరుగుతుందే గానీ ముందుకు సాగదు. తెల్లవారుజామున నేలగాలి పలచగా వీచేటప్పుడు ఆ 3.6 చదరపు మీటర్ల లోటు తెలుస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే.

ముందంచులో ఫోమ్ పట్టీ తప్పనిసరిగా కుట్టించుకోండి. మధ్యలో దళసరిగా, రెండు కొసలకు సన్నబడుతూ ఉండే ఈ పట్టీ, చుట్టేటప్పుడు నడుమ మిగిలే గుడ్డను తనలోకి లాక్కుంటుంది. కొంత చుట్టాక షీటు (తెరచాపను లాగి పట్టే తాడు) కారును, అంటే ఆ తాడు పోయే కప్పీని, ముందుకు జరపాలి. మరిచిపోతే తెరచాప పైభాగం తెరుచుకుని టపటపా కొట్టుకుంటుంది.

గుడ్డ క్రాస్‌కట్ డేక్రాన్ (అడ్డపట్టీలుగా కుట్టిన పాలిస్టర్) చాలు. లామినేట్ (పొరలు అతికించిన గుడ్డ) అయితే మన తేమకు పొరలు విడిపోతాయి, మధ్యలో బూజు పడుతుంది. మన ఎండకు ముందు పోయేది దారం. చుట్టిన తెరచాపను ఎండ నుంచి కాపాడే యూవీ పట్టీ కుట్టును గోటితో గీకి చూడండి, పొడిలా రాలితే దాని పని అయిపోయినట్టే. ఆర్డరులోనే పీటీఎఫ్‌ఈ దారం అని రాయించండి, ఖర్చు ఎక్కువైనా ఎండకు చెక్కుచెదరదు. డ్రమ్ము (చుట్టే తాడు ఉండే అడుగు చక్రం) ఎటు తిరుగుతుందో కూడా చెప్పాలి. పట్టీ తప్పు వైపు కుడితే చుట్టినప్పుడు అది లోపలికి పోయి, అసలు గుడ్డే ఎండకు మిగులుతుంది.

కొలతలో జరిగే పెద్ద పొరపాటు ముందంచు పొట్టిగా కుట్టించడం. స్వివెల్ (తెరచాప పైకొస పట్టుకుని తిరిగే భాగం) కిందే ఆగిపోయి, హాలియార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) ఫాయిల్‌కు, అంటే తెరచాప చుట్టుకునే ఫోర్‌స్టే తొడుగుకు, సమాంతరంగా దిగుతుంది. చుట్టేటప్పుడు అదీ ఫోర్‌స్టేకు చుట్టుకుంటుంది. తెరచాప పైమూలకు స్వివెల్‌కు మధ్య తగినంత తాడో వైరో కట్టి స్వివెల్‌ను పైకి పంపాలి, హాలియార్డ్ సుమారు 10 డిగ్రీలు వెనక్కి లాగేలా చూసుకోవాలి. చుట్టడం బిగుసుకుపోతే వించి (తాడును బలంగా లాగే చక్రం) వేయొద్దు, తలెత్తి పైకి చూడండి. బలం పెడితే ఫాయిల్ మెలి తిరుగుతుంది, ఫోర్‌స్టే తీగలే తెగొచ్చు.

పూర్తిగా చుట్టాక షీట్లు ఇంకో మూడు చుట్లు పడేంత తాడు డ్రమ్ము మీద మిగలాలి.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గరే తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడవను వదిలి వెళ్లేవాళ్లు జెనోవాను ఫాయిల్ మీద ఉంచకూడదు. ఈదురుగాలి ఒక్క మడత విప్పినా మిగతాదంతా తెరుచుకుంటుంది. దించాలంటే ముందు మొత్తం విప్పక తప్పదు కాబట్టి, హెచ్చరిక వచ్చిన రోజే, గాలి ఇంకా నెమ్మదిగా ఉండగానే దించేయండి.